తల మీద ఈకలు మాత్రం చెక్కుచెదరవు

ఛాతీ అంతా బోడి. పొట్ట మీద, తొడల మీద, రెక్కల కింద గులాబీ రంగు చర్మం బయటపడి ఉంటుంది. తల మాత్రం నిగనిగలాడుతుంటుంది. పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు ఇలాంటి చిలకను చూడగానే సగం సంగతి కనిపెట్టేస్తాడు. చిలక ముక్కు దాని ఒంటి మీద ఇంచుమించు అంతటా అందుతుంది, సొంత తలకు తప్ప. మెడ కింది నుంచి పాడై తల బాగుందంటే ఆ పని చేసింది ఆ చిలకే. తల మీద కూడా ఊడి ఉంటే తోటి పక్షి పీకిందనో, ఒంట్లో రోగం ఉందనో అనుమానించాలి.

పంజరాల్లో పెరిగే చిలకల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. తక్కువలో తక్కువ పదింటిలో ఒకదానికి ఈ అలవాటు ఉందని సర్వేలు చెబుతున్నాయి. ఆఫ్రికన్ గ్రే చిలకలు, తెల్లని కాకటూలు ఇందులో ముందుంటాయి. మన ఊళ్ళలో లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీల్లో తక్కువ. అడవిలో తిరిగే చిలకల్లో అయితే దాదాపు కనిపించనే కనిపించదు. ఇది బందీగా బతికే పక్షికి వచ్చే బాధ. అక్కడి వరకు అందరూ ఒప్పుకుంటారు. బందీ బతుకులో ఏది దాన్ని ఇంత దూరం తెస్తోంది అన్న దగ్గరే పేచీ.

ముందు ఈక సంగతి. పూర్తిగా ఎదిగిన ఈకలో ప్రాణం ఉండదు. మధ్యలో ఒక కాడ, దానికి రెండు పక్కలా పాయలు, ఒక్కో పాయకీ ఇంకా సన్నని నూగు, ఆ నూగుకు కంటికి కనిపించని కొక్కేలు. ఈ కొక్కేలు పక్క పాయకు తగులుకుని జిప్పులా బిగుసుకుంటేనే ఈక రేకులా నిలుస్తుంది, గాలిని పట్టుకుంటుంది, నీటిని జారుస్తుంది. విడిపోయిన కొక్కేలను మళ్ళీ తగిలించడానికే చిలక రోజూ అంత సేపు ముక్కుతో ఒళ్ళు సవరించుకుంటుంది. ఒక్కో ఈకనూ మొదట్లో పట్టుకుని, కొస దాకా ముక్కులోంచి లాగుతుంది. ఈకలు పీక్కునే చిలక చేసేదీ ఇదే కదలిక. ఎక్కడో ఒక చోట ఆగవలసింది ఆగదు.

పాడుచేసుకోవడంలో కూడా రకాలున్నాయి. కొన్ని వేరుతో సహా పీకేస్తాయి. కొన్ని కాడను మధ్యకు కొరికేస్తాయి. కొన్ని అంచులు మాత్రం నమిలి చీలికలు చేస్తాయి. ఈ తేడా యజమానులు పెద్దగా పట్టించుకోరు కానీ పట్టించుకోవాలి. ఈకను వేరుతో పీకితే ఆ గుంట నుంచి కొత్తది వెంటనే మొలకెత్తుతుంది, కొన్ని వారాల్లో ఎదుగుతుంది. కొరికితే మాత్రం ఆ మొండి కాడ గుంటలోనే కూర్చుంటుంది. పక్షి మామూలుగా ఈకలు రాల్చుకునే కాలం వచ్చేదాకా అది కదలదు, దాని చోట కొత్తది రాదు. పెద్ద చిలకల్లో ఆ కాలం సుమారు ఏడాదికోసారి. అంటే చిలక కొరకడం పూర్తిగా మానేసినా నెలల తరబడి చూపులకు అలాగే ఉంటుంది. మందు పనిచేయలేదని, పంజరం మార్చినా లాభం లేదని విసిగిపోయి వదిలేసేవాళ్ళు చాలామంది ఈ నడిమధ్య నెలల్లోనే వదిలేస్తారు.

మొలిచే ఈకది ఇంకో కథ. దాని కాడలో రక్తం ప్రవహిస్తుంటుంది. పైన మైనపు తొడుగు ఉంటుంది. అది విచ్చుకునే రోజుల్లో దురద సహజం. ఆ దశలో కొరికితే రక్తం కారుతుంది, నొప్పీ ఉంటుంది. కొన్ని కాకటూలు ఈకలతో ఆగక ఛాతీ చర్మాన్నీ, కింది కండనూ చీల్చుకుంటాయి. అక్కడికి వచ్చాక అది అలవాటు కాదు, అత్యవసరం.

అసలు చిలకకు పిచ్చి పట్టిందనో, బెంగ పెట్టుకుందనో అనేముందు రోగం ఉందేమో చూడాలి. 2008లో అమెరికాలో పక్షుల చర్మపు ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించే నిపుణులు ఒక పని చేశారు. ఈకలు పీక్కునే 400కు పైగా చిలక జాతి పక్షుల చర్మాన్ని, పాడైన చోట నుంచి ఒకటి, బాగున్న చోట నుంచి ఒకటి చొప్పున తీసి పోల్చారు. ఇంచుమించు సగం పక్షుల్లో రెండు చోట్లా వాపు లక్షణాలు కనిపించాయి. ముక్కు తగలని చోట కూడా చర్మం బాగాలేదంటే ఆ పక్షికి నిజంగానే దురద ఉంది. మిగతా సగంలో పాడైన చోట మాత్రమే గాయం ఉంది, మిగతా చర్మం శుభ్రంగా ఉంది. బోడి ఛాతీ ఒక్కలాగే కనిపించే రెండు చిలకల వెనుక రెండు వేర్వేరు కథలు ఉండవచ్చునన్నమాట. దురదతో పీక్కునే పక్షికి ఎన్ని బొమ్మలు కొనిచ్చినా ప్రయోజనం లేదు.

అనుమానించవలసిన రోగాల జాబితా పొడుగు. అందులో అన్నిటికన్నా భయపడాల్సింది ముక్కు-ఈకల వ్యాధి. సర్కోవైరస్ వల్ల వచ్చే ఈ జబ్బును 1970ల్లో ఆస్ట్రేలియా కాకటూల్లో రాస్ పెర్రీ అనే పశువైద్యుడు గుర్తించి వివరించాడు. వైరస్ ఈక మొలిచే గుంటనే చంపుతుంది కాబట్టి తల మీద కూడా ఈకలు వంకరపోయి రాలిపోతాయి. కాకటూల ఒంటి మీద సాధారణంగా తెల్లని పొడి రాలుతుంటుంది, ముక్కు మీద అది బూడిద పూతలా ఉంటుంది. ఈ జబ్బు వస్తే ఆ పొడి తగ్గి నల్లని ముక్కు నున్నగా మెరుస్తుంది. చిలక ముక్కు ఎంత బాగా మెరుస్తోందో అని యజమాని మురిసిపోయే వేళకు లోపల వ్యాధి ముదురుతూ ఉండవచ్చు.

ఇక పంజరం. జింకు పూత పూసిన ఇనుప తీగతో చేసిన చవక పంజరాన్ని చిలక రోజంతా నాకుతుంది, కొరుకుతుంది. ఆ జింకు కడుపులోకి పోతుంది. ఎక్కువైతే విషం. ఈకలు పీక్కోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. తిండి సంగతీ అంతే. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే పెడితే చిలక ఇష్టంగా తింటుంది, లావెక్కుతుంది, విటమిన్ ఏ, కాల్షియం మాత్రం దొరకవు. విటమిన్ ఏ లోపిస్తే మొదట దెబ్బతినే వాటిలో చర్మం ఒకటి. బూజు పట్టిన వేరుశనగ కాయలు ఊపిరితిత్తులకు ముప్పు తెస్తాయి. దుకాణాల్లో అన్నిటికన్నా ముందు అంటగట్టేది పురుగుల స్ప్రే. ఇంట్లో పెరిగే పెద్ద చిలకల్లో పురుగుల వల్ల ఈకలు పోవడం తక్కువ. పసుపు, కొబ్బరినూనె రాసేవాళ్ళూ ఉన్నారు. నూనె తగిలితే ఆ కొక్కేలన్నీ అతుక్కుపోయి మిగిలిన ఈకలు కూడా పనికిరాకుండా పోతాయి.

రోగాలన్నీ పరీక్షించి, ఏమీ లేదని తేలాక మిగిలేదే అసలు చిక్కు ప్రశ్న.

మామూలుగా ఇక్కడ చెప్పే జవాబు ఒంటరితనం. చిలకలు గుంపు జీవులు, ఒక్కదాన్నే ఉంచితే దిగులుతో ఈకలు పీక్కుంటుంది అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఆఫ్రికన్ గ్రే చిలకల రక్తంలో టెలోమియర్లను కొలిచారు. ఇవి క్రోమోజోముల చివర్లలో ఉండి వయసుతో అరిగిపోయే డీఎన్ఏ కొసలు. ఒంటరిగా ఉన్న 9 ఏళ్ళ చిలకలకు అవి, జంటగా ఉండి వాటికంటే 23 ఏళ్ళు పెద్దవైన చిలకలకు ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. ఒంటరితనం ఒంటిని అరగదీస్తుందనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకడం కష్టం. అయితే ఆ అరుగుదలకూ ఛాతీ మీద ఈకలకూ ఉన్న సంబంధం అంత సూటిగా లేదు. జంటగా ఉండీ పీక్కునే చిలకలున్నాయి. ఒంటరిగా ఉండీ ఒక్క ఈక పోని చిలకలూ ఉన్నాయి.

2021లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జియా మేసన్ బృందం ప్రశ్నను మరో వైపు నుంచి అడిగింది. ఫలానా చిలక ఎందుకు పీక్కుంటోంది అని కాకుండా, ఫలానా జాతులే ఎందుకు ఎక్కువ పీక్కుంటున్నాయి అని. ఇళ్ళలో పెరుగుతున్న 50 జాతుల చిలకలు, మొత్తం 1,378 పక్షుల సమాచారం పోగుచేశారు. ఒక్కో జాతి అడవిలో ఎలా బతుకుతుందో దానితో పోల్చి చూశారు. జాతుల మధ్య చుట్టరికం వల్ల లెక్క తప్పకుండా గణాంక పద్ధతులు వాడారు. తేలింది రెండు మాటలు. ఒంటికి మించిన మెదడున్న జాతులు పంజరంలో అటూ ఇటూ అదే పనిగా ఊగడం, చువ్వలు కొరకడం వంటి పనికిరాని చేష్టలకు ఎక్కువ లొంగుతాయి. ఈకలు పీక్కోవడం మాత్రం మెదడును బట్టి లేదు. అడవిలో ఏ జాతుల తిండిని పగలగొట్టి, ఒలిచి, చీల్చి, గుజ్జు తీసుకుని తినాలో, ఆ జాతులే బందీగా ఉన్నప్పుడు ఈకలు ఎక్కువ పాడుచేసుకుంటున్నాయి.

నా మట్టుకు నాకు ఈ విషయంలో వచ్చిన పరిశోధనల్లో ఇదే ముఖ్యమైనదనిపిస్తుంది. ఎందుకంటే ఇది దిగులు, బెంగ, అలక అనే మనుషుల మాటల్ని పక్కకు నెట్టి నేరుగా ముక్కు దగ్గరకు తీసుకెళుతుంది. గట్టి పెంకును పగలగొట్టడానికి తయారైన పనిముట్టు అది. పై ముక్కు, కింది ముక్కు, మధ్యలో గింజను తిప్పే లావుపాటి నాలుక, పట్టుకోవడానికి కాలు. అడవిలో చిలకలు పగటి పూట 4 నుంచి 6 గంటలు తిండి వెతకడానికి, ఒలుచుకోవడానికి ఖర్చుపెడతాయి. పంజరంలో గిన్నెలో పోసిన గుళికల దాణా గంట, గంటంబావులో అయిపోతుంది. మిగతా పగలంతా ఆ ముక్కుకు పని లేదు. ఎదురుగా, ఎప్పుడూ అందుబాటులో, లాగితే ఊడొచ్చేది, నమిలితే చీలేది ఒక్కటే ఉంటుంది. సొంత ఈక.

ఇలాంటిది మనకు బాగా తెలిసిన మరో చోట కూడా జరుగుతుంది. గోదావరి జిల్లాల కోళ్ళఫారాల వాళ్ళను అడిగితే చెబుతారు, గుడ్ల కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పొడిచి పీకేస్తాయని. అందుకే పిల్లప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు. నేలను గీరుతూ, పొడుస్తూ తిండి ఏరుకోవలసిన కోడికి గీరడానికి నేల లేకపోతే ఆ పొడుపు పక్క కోడి మీదకు మళ్ళుతుందని శాస్త్రజ్ఞుల్లో చాలామంది భావన. కోడి పక్కదాన్ని పొడుస్తుంది, చిలక తనను తానే పీక్కుంటుంది. రెండింటి వెనుకా ఉన్నది తిండి కోసం చేయవలసిన పని చేయనివ్వకపోవడమే.

ఊహ బాగానే ఉంది, నిరూపణ ఏది అంటే దానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రానికి వెళ్ళాలి. షెరిల్ మీహన్, జేమ్స్ మిలమ్, జాయ్ మెంచ్ 2003లో ప్రచురించిన ప్రయోగం అది. నారింజ రెక్కల అమెజాన్ చిలకల పిల్లల్ని రెండు జట్లు చేశారు. తిండి రెండు జట్లకూ ఒకటే. ఒక జట్టుకు మామూలు బోసి పంజరాలు. రెండో జట్టు పంజరాల్లో ఎక్కడానికి, ఊగడానికి రకరకాల వస్తువులు, వాటితో పాటు తిండి దాచిన పనులు పెట్టారు. అడ్డును నమిలి తొలగిస్తే తప్ప, తినకూడని వాటి మధ్య వెతికితే తప్ప, మూత తెరిస్తే తప్ప దొరకని తిండి. దాదాపు ఏడాది గడిచేసరికి బోసి పంజరాల పిల్లల ఈకలు పాడవుతూ వచ్చాయి. రెండో జట్టువి బాగున్నాయి. తరవాత బోసి పంజరాల వాటికి కూడా అవే వసతులు కల్పిస్తే వాటి ఈకలు మెరుగుపడ్డాయి. ఊయలల కన్నా, కొమ్మల కన్నా తిండి దాచిన పనుల దగ్గరే అవి ఎక్కువ సేపు గడిపాయి.

డేవిస్‌లోనే తరవాత ఇంకో సరదా ప్రయోగం జరిగింది. చిలకలకు వేసే గుళికల్ని మామూలు సైజు కన్నా ఇరవై ముప్పై రెట్లు పెద్దవి చేసి ఇచ్చారు. రుచి అదే, పోషకాలు అవే. కాలితో పట్టుకుని, తిప్పుతూ, కొరుకుతూ తినవలసి రావడంతో తిండి మీద పెట్టే సమయం అడవి చిలకల స్థాయికి దగ్గరగా పెరిగింది. ఎదురుగా సులువుగా తినే చిన్న గుళికలు ఉన్నా పెద్దవాటి కోసం ఇవి బరువైన మూతలు ఎత్తడానికి కూడా సిద్ధపడ్డాయి. ఊరికే దొరికే తిండిని కాదని కష్టపడి తినడం జంతువుల్లో కొత్త కాదు. చిలకలో అది మరీ గట్టిగా కనిపిస్తుంది.

మిగతా కారణాలు లేవని కాదు. కళ్ళు తెరవకముందే తల్లి దగ్గర నుంచి తీసి చేత్తో మేపి పెంచిన పిల్ల పెద్దయ్యాక మనిషినే జోడీ అనుకుంటుంది. వీపు మీద, రెక్కల కింద నిమిరితే దాని ఒంటికి అది జత కట్టే సైగ. జత కుదరదు, గుడ్లు పెట్టే గూడు లేదు, చిరాకు మిగులుతుంది. రాత్రి పదకొండు దాకా టీవీ మోగే హాల్లో పంజరం పెడితే రోజుకు పది పన్నెండు గంటలు పడుకోవలసిన పక్షికి నిద్ర చాలదు. రెక్కలు అడ్డదిడ్డంగా కత్తిరిస్తే మొండి కొసలు గుచ్చుకుంటాయి, అక్కడి నుంచి కొరకడం మొదలవుతుంది. ఒకటి పీకగానే ఇంట్లో అందరూ కేకలు వేస్తూ పరుగెత్తుకొస్తే చిలకకు ఒక పాఠం అందుతుంది. మనుషుల్ని రప్పించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదని. అది పీకినప్పుడు పట్టించుకోకుండా, బుద్ధిగా ఏదో నములుతున్నప్పుడు దగ్గరకు వెళ్ళి మాట్లాడమని నిపుణులు చెప్పేది అందుకే. చెప్పినంత తేలిక కాదు.

మందులూ ఉన్నాయి. మనుషుల్లో జుట్టు పీక్కునే వ్యాధికి, చేసిందే చేసే రుగ్మతలకు వాడే క్లోమిప్రమిన్‌ను కాకటూలకు ఇచ్చి 2004లో అమెరికాలో పరీక్షించారు. ఉత్తుత్తి మందు ఇచ్చిన వాటితో పోలిస్తే మెరుగు కనిపించింది. కానీ అది పదకొండు పక్షుల ప్రయోగం. ఫ్లూఆక్సెటిన్ లాంటివి కూడా వాడతారు. ఏదైనా పక్షుల డాక్టరు చూసి, మోతాదు రాసి, గమనిస్తూ ఇవ్వవలసిందే. మెడకు తొడిగే ప్లాస్టిక్ పట్టీ చర్మం చీల్చుకునే పక్షి ప్రాణం కాపాడుతుంది. అంతకుమించి అది వైద్యం కాదు. పట్టీ ఉన్నన్నాళ్ళూ పీకదు, తీసిన గంటకే మొదలెడుతుంది.

మన దగ్గర ఈ మాట ఎత్తితే రామచిలుక సంగతి రాకుండా ఉండదు. ఎన్నో ఇళ్ళ వసారాల్లో ఇప్పటికీ ఉంది, పచ్చిమిరపకాయ, జామముక్క, నానబెట్టిన శనగలు తింటూ. మిరపకాయ తిని చిలక మాటలు బాగా నేర్చుకుంటుందనేది ఉత్త నమ్మకం. పక్షుల నరాలకు మిరప మంట తగలదు, అంతే. కానీ మన దేశవాళీ చిలకల్ని పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణలో వాటి రక్షణ ఇంకా పెరిగింది. ఆ భయంతో ఈకలన్నీ పోయినా డాక్టరుకు చూపించనివాళ్ళు ఉంటారు. అలాంటి చిలకను పంజరం తలుపు తీసి వదిలేయడం దయ కాదు. రెక్కలు పాడైన పక్షి సాయంత్రానికి ఏ పిల్లికో దొరుకుతుంది. అటవీ శాఖ వారి సంరక్షణ కేంద్రానికి అప్పగించడమే దారి. విదేశీ జాతుల విషయం వేరు. ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూల వంటి వాటిని పెంచుకోవచ్చు కానీ ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించాలి.

విదేశాల్లో పక్షుల దుకాణాల్లో ప్యాకెట్లో పెట్టి ఖరీదుకు అమ్మే చిలకల చిరుతిండి ఒకటుంది. విప్పి చూస్తే అది మన కొర్ర కంకి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ మెట్టల్లో పండేదే. ముక్కుకు పని కల్పించడానికి మనకు బజారు బొమ్మలు అక్కర్లేదు. పొట్టు తీయని మొక్కజొన్న పొత్తు, కొర్ర కంకి, జొన్న కంకి, ఒలవని బఠాణీ కాయలు, బెరడుతో ఉన్న పచ్చి వేప కొమ్మ, పీచు తీయని కొబ్బరి చిప్ప. గింజల్ని గిన్నెలో పోయకుండా చిత్తుకాగితంలో మడిచి, ముడివేసి, పంజరం పైకప్పుకు వేలాడదీయవచ్చు. మొదటి రోజు ముడి వదులుగా, వారం పోయాక బిగుతుగా. గింజల మోతాదు పెంచకూడదు, ఉన్నదాన్నే కష్టపడి సంపాదించుకునేలా చేయాలి. ఎన్నడూ పని తెలియని చిలక మొదట్లో కాగితపు పొట్లాన్ని చూసి బెదిరి మూలకు నక్కుతుంది. దాని ఎదుటే మనం ఒకటి విప్పి చూపిస్తే దారికొస్తుంది.

ఇవన్నీ చేసినా ఒళ్ళంతా ఈకలు తిరిగి వస్తాయని మాట ఇవ్వలేం. ఏళ్ళ తరబడి పీకిన చోట ఈక గుంట మూసుకుపోతుంది, అక్కడ ఇక మొలవదు. కొన్ని చోట్ల రంగు మారి మొలుస్తుంది. కాబట్టి పైకి కనిపించే రూపాన్ని కాక, నెలకోసారి అదే చోట, అదే వెలుతురులో తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. కింద రాలిన ఈకల్ని రోజూ ఏరి చూస్తే ఇంకా తెలుస్తుంది. కొస నమలని నిండు ఈకలు పడుతుంటే అది రాల్చుకోవడం. నమిలిన ముక్కలు పడుతుంటే పాత కథే. బాగుపడిందనుకున్న చిలక మళ్ళీ మొదలెట్టేది సాధారణంగా ఈకలు మార్చుకునే రోజుల్లో, ఒంటి నిండా కొత్త మొలకలు పొడుచుకొచ్చి దురద పెట్టేటప్పుడు. ఆ రోజుల్లో పొద్దున్నే ఒళ్ళు తడిసేలా గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, మామూలు కన్నా రెండు కంకులు ఎక్కువ కట్టడం మంచిది.